కుట్లు లేని ఆపరేషన్

మా అక్క ఇంటికి వెళ్లాలంటే ముందు క్యాలెండరు చూసుకోవాలి. నెలలో ఒక సగం ఆమె ఇంట్లో దొరుకుతుంది, ఇంకో సగం పెరట్లో. ఆ రెండో సగంలో వెళ్తే వీధి గుమ్మం దాకా పోవడం దండగ, పక్క సందులోంచి నేరుగా పెరట్లోకి వెళ్లిపోవచ్చు. అక్కడ స్నానాల దడికి ఆనించి వేసిన రేకుల పంచ ఉంటుంది. ఒక నులక మంచం, ఒక చెంబు, ఒక కంచం, రేకు మీదికి ఎక్కబోయి మధ్యలో మనసు మార్చుకున్న ఒక సొరపాదు. "సొంతానికి వేరే ఇల్లున్న కోడలు ఈ ఊళ్లో నువ్వొక్కదానివే" అని నేనంటే అక్క నవ్వేది. నవ్వితే పొత్తికడుపు పట్టుకునేది. అందుకని ఆమెను కొంచెం కొంచెంగా నవ్వించడం నేర్చుకున్నాను.

అక్కను ఇచ్చింది సత్తుపల్లి దాటి, పామాయిల్ తోటలు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఉన్న ఊరికి. మాది వేంసూరు పక్క. బావ సత్తుపల్లి బొగ్గు గనిలో డంపర్ తోలతాడు. పగలంతా కొండంత బండితో కొట్లాడే మనిషి, ఇంటికొచ్చాక గ్లాసు కింద పెట్టినా చప్పుడు కానివ్వడు. ఇంట్లో వాళ్లమ్మ, మా అక్క, వాళ్ల కూతురు. ఆ పిల్లకు అప్పుడు మూడేళ్లు.

ఆ ఇంట్లో దేవర ఉంది. నడింట్లో ధాన్యం గాదె పక్కన పసుపు పూసిన గూడు. దేవర ఉన్న ఇంట్లో నెలసరి వచ్చిన ఆడది లోపలికి రాకూడదు, ఎవరినీ ముట్టుకోకూడదు, ఐదో రోజు తలకు పోసుకుని రావాలి. ఐదు రోజులంటే ఎలాగో గడిచిపోతాయి. నిజం చెప్పాలంటే చాలామంది కోడళ్లకు వంటింటి నుంచి దొరికే సెలవు అదొక్కటే. చిక్కేమిటంటే, కూతురు పుట్టాక అక్కకు ఆ ఐదు రోజులు వారం దాటాయి, వారం పోయి రెండు వారాలైంది. దేవరకు రోజులు తెలుసు, జబ్బులు తెలియవు.

బావ వాళ్లమ్మ చెడ్డ మనిషి అయ్యుంటే ఇది రాయడం నాకు చాలా తేలికయ్యేది. కాదు. ఇంట్లో చేపలు వండితే మొదటి ముక్క పంచలోకే వెళ్లేది. వేణ్ణీళ్లు కాచి, బిందె మోసుకొచ్చి, రెండు బారల దూరంలో దించి, వెనక్కి జరిగి నిలబడి తిట్టేది.

"తిను బిడ్డా. ఒంట్ల నెత్తురు లేక సున్నం గొట్టిన గోడోలె అయినవ్."

"తింటున్న అత్తమ్మా."

"ఏం తింటున్నవ్, ఎలుకోలె కొరుకుతున్నవ్. నేను పోయినంక ఆ పక్కింటి పిల్లిని మేపుతున్నవ్, నాకు తెల్వదనుకున్నవా?"

పిల్ల సంగతికి కూడా ఆ ఆచారంలో ఒక వెసులుబాటు ఉంది. పాలు తాగే పిల్లకు అంటు లేదు. పాలు మానేశాక కూడా, ఒంటి మీద బట్ట లేకపోతే అంటు లేదు. అంటు పట్టేది బట్టకు గానీ పసిపిల్లకు కాదట. ఈ చట్టం రాసినవాళ్లకు పిల్లలున్నట్టున్నారు.

కాబట్టి మా అక్క కూతురు పొద్దున లేవగానే వెనక గడప మీదికి వచ్చేది. గౌను తలమీంచి లాగి గడప మీద పడేసేది. ఇక పరుగు. పెరడంతా దాటి, కోళ్లను చెదరగొట్టి, దిసమొలతో వచ్చి అక్క ఒళ్లో పడేది. అక్క పమిట తీసి చుట్టూ కప్పేసేది. బయటికి తల ఒక్కటే కనిపించేది. తిరిగి వెళ్లేటప్పుడు నాయనమ్మ గడప దగ్గర చెంబుతో నీళ్లు పట్టుకుని సిద్ధంగా ఉండేది. ఒక చెంబు పోసి, తుడిచి, గౌను తొడిగి లోపలికి తీసుకునేది. గంటకే మళ్లీ గౌను గడప మీద ఉండేది.

"ఓసి నీ పాడుగాను, గింత చలిల బరివాత ఉరుకుతున్నవేందే! నిన్ను తుడవలేక సస్తున్న!" అని నాయనమ్మ అరిచేది. అరిచేదే గానీ ఎప్పుడూ ఆపలేదు.

అలా రెండు చలికాలాలు నడిచింది. అక్కకు గడ్డలున్నాయని అప్పటికి ఎవరికీ తెలియదు. ఊళ్లో ఆరెంపీ డాక్టరు సూదులు వేశాడు, ఎర్రటి టానిక్కు ఇచ్చాడు. అడవిలోంచి వచ్చే ఒకామె ఆకు పసరు పోసింది. అక్క అన్నీ తాగింది. తగ్గలేదు, అయినా ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమని అడగనూ లేదు. పొద్దున్నే గడప మీద గౌను పడుతున్నంత కాలం ఆమెకు దవాఖానా గుర్తుకు రాలేదు.

తర్వాత పిల్లను అంగన్వాడీలో వేశారు.

చదువు వల్ల మా ఇంటికి కలిగిన మొదటి ప్రయోజనం నేనే కళ్లారా చూశాను. అప్పుడు నేను ఖమ్మంలో బీఈడీ చదువుతూ సెలవులకు అక్క దగ్గరికి వెళ్లాను. పొద్దున పంచలో మంచం మీద అక్క, ఎదురుగా పీట మీద నేను కూర్చుని ఉన్నాం. అక్కను ముట్టుకుంటే నేను తలకు పోసుకోవాలి. నాకు బద్ధకం ఎక్కువ కాబట్టి దూరంగానే కూర్చున్నాను. పిల్ల గడప మీదికి వచ్చింది. గౌను అంచు పట్టుకుంది. ఆగింది.

"రా బంగారం" అంది అక్క.

"నేను విప్ప."

"ఎందుకు నాన్నా?"

"షేమ్ షేమ్" అంది పిల్ల. వేలు ముక్కు మీద పెట్టుకుని మరీ చూపించింది. పెద్ద గొప్పగా ఉంది దానికి.

లోపలి నుంచి వచ్చి నాయనమ్మ మురిసిపోయింది. "చూసినవా, నా మనవరాలికి సిగ్గొచ్చింది! పెద్దదైపోయింది!" అని బుగ్గలు పుణికింది. నేను కూడా చప్పట్లు కొట్టాను, పిల్లలు కొత్త మాట నేర్చుకుంటే చప్పట్లు కొట్టాలని మా బీఈడీలో చెప్పారు. పిల్ల గడప మీదే కూర్చుని, అక్కడి నుంచే అంగన్వాడీలో నేర్పిన పాటలన్నీ పాడింది. అక్క మొత్తం విన్నది. తాళం కూడా వేసింది. పిల్ల లోపలికి వెళ్లిపోయాక, ఖాళీ గడప వైపు చూస్తూ, "నన్ను ఏదన్న మంచి దవాఖానకు తీస్కపోవే" అంది నాతో.

ఖమ్మంలో స్కానింగు తీశారు. బావ, అక్క, నేను వెళ్లాం. గర్భసంచిలో గడ్డలు, ఫైబ్రాయిడ్లు అంటారని, క్యాన్సరు కాదని, భయపడొద్దని డాక్టరమ్మ చెప్పింది. ఒకటి బత్తాయంత, ఒకటి నిమ్మకాయంత, ఇంకా చిన్నవి ఉన్నాయంది. డాక్టర్లు కడుపులోని గడ్డలకు పండ్ల పేర్లెందుకు పెడతారో నాకు తెలియదు, రోగి ఆ తర్వాత బత్తాయిరసం ఎలా తాగాలి?

"సంచి తీసేయడం ఒక పద్ధతి" అంది డాక్టరమ్మ. మా వైపు అదేమీ కొత్త మాట కాదు. అక్క వాళ్ల వాడలో ముప్పై దాటిన ఆడవాళ్లలో చాలామందికి అది అయిపోయింది. నడుం నొప్పి గురించి మాట్లాడుకునేటప్పుడు, ఎవరు ఎక్కడ తీయించుకున్నారో కూడా చెప్పుకుంటారు.

"తీసేస్తే మళ్లా ఎప్పుడు ఎత్తుకోవచ్చు మేడం?" అని అడిగింది అక్క.

"బరువులా? మూడు నెలల దాకా వద్దు. నిండు బిందె కూడా ఎత్తకూడదు."

"బిందె గాదు. పిల్ల."

డాక్టరమ్మ కాసేపు అక్క వైపు, కాసేపు రక్తపరీక్ష కాగితం వైపు చూసింది. ఇంత తక్కువ రక్తంతో పెద్ద ఆపరేషన్ అంటే తనకూ భయమేనంది. ఇంకో పద్ధతి ఉంది, హైదరాబాదులో చేస్తారంది. కోత ఉండదు. తొడ మొదట్లో చిన్న రంధ్రం చేసి, రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, గడ్డకు రక్తం వెళ్లే దారిని ఇసుక రవ్వల్లాంటి వాటితో మూసేస్తారు. తిండి అందక గడ్డ మెల్లగా ఎండిపోతుంది. నెలల మీద రక్తస్రావం తగ్గుతుంది. రెండు వారాలు జాగ్రత్తగా ఉంటే తర్వాత పిల్లను ఎత్తుకోవచ్చు.

"కానీ ఇంకా పిల్లలు కావాలనుకుంటే ఆలోచించుకోవాలమ్మా. దీని తర్వాత కాన్పుల సంగతి గట్టిగా చెప్పలేం."

"ఉన్నదాన్నే ముట్టుకోలేకపోతున్న మేడం. ఇంకొకర్ని కని ఏం జేసుకోను?"

బావ తల తిప్పుకుని గోడ వైపు చూశాడు. గోడ మీద గర్భసంచి బొమ్మ, రంగుల్లో, చాలా పెద్దది. పాపం, ఎటు చూడాలో తోచక తన చెప్పులు చూసుకున్నాడు. "హైదరాబాదే పోదాం" అన్నాడు చెప్పులతో.

హైదరాబాదులో ముందు రక్తం ఎక్కించారు. ఒక సీసా బావదే. ఆ సంగతి ఫోనులో చెబితే వాళ్లమ్మ, "ఇగ నా కోడలు కూడ మాట్లాడుడు బంద్ జేస్తది" అంది. చికిత్స రోజు అక్కకు పూర్తి మత్తు ఇవ్వలేదు. గంటన్నరకో ఎంతకో బయటికి తెచ్చారు.

"ఏం జేసిన్రే లోపల?" అని అడిగాను.

"టీవీ చూసిన్రు. డాక్టర్లిద్దరు నా దిక్కే చూడలే, టీవీయే. అండ్ల నా కడుపేనంట. నాకు కొంచెం గూడ చూపీలే."

ఆ సరదా సాయంత్రం దాకా కూడా ఆగలేదు. గడ్డ చచ్చేటప్పుడు నొప్పి పెడుతుందని ముందే చెప్పారు, అది ఎంత నొప్పో చెప్పలేదు. కాలు కదపకూడదు. అక్క మంచం ఇనుప కమ్మీ పట్టుకుని, పెదవులు లోపలికి మడుచుకుని పడుకుంది. నర్సు సూది వేసి వెళ్లింది. నాకేం చేయాలో తెలియలేదు. తెలియనప్పుడు నేను వాగుతాను.

"పురిటి నొప్పుల కంటే నయమా, అధ్వానమా?" అన్నాను.

అక్క సూది పనిచేయడం మొదలయ్యాక అంది. "పురుడైతే చివర్ల పిల్లనిస్తరు కదే."

ఇంటికొచ్చాం. ఆపరేషన్ అయిన మనిషిని చూడటానికి వాడంతా వచ్చింది. బ్రెడ్డు ప్యాకెట్లు, బత్తాయిలు. నేను బత్తాయిలన్నీ పక్కకు పెట్టేశాను. వచ్చినవాళ్లు పంచ చుట్టూ దూరంగా నిలబడి అయ్యో అన్నారు. ఆ తర్వాత అందరూ అడిగింది ఒకటే.

"ఏదీ, ఎంత కోసిన్రు? చూపీయ్."

కోయలేదని అక్క చెప్పింది. నమ్మలేదు. చివరికి ఆడవాళ్లే ఉన్నప్పుడు చీర కాస్త జరిపి తొడ దగ్గర చూపించింది. దోమ కుట్టినంత మచ్చ. దోమ కుట్టినా కొంచెం ఉబ్బుతుంది, దీనికి అదీ లేదు. ఎదురింటామె వంగి, కళ్లు చిట్లించి చూసి, తన బ్రెడ్డు ప్యాకెట్టు వైపు జాలిగా చూసుకుంది.

"గిదేం ఆపరేషనమ్మా? గిది జూడు ఆపరేషనంటే!" అని తన చీర కిందికి లాగి చూపించింది. బొడ్డు కింద నుంచి నిలువునా తాడు పేనినట్టు మచ్చ. ఇంకొకామె తనది అడ్డంగా ఉందని చూపించింది. మూడో ఆమెది చీము పట్టి రెండుసార్లు కుట్టారట. పెరట్లో ఎవరి మచ్చ ఎంతో పోల్చుకుంటూ, ఎవరు ఎన్నాళ్లు మంచం దిగలేదో చెప్పుకుంటూ, ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. ఒక్కొక్కరికీ ముప్పై, ముప్పై రెండేళ్లు. నేనూ నవ్వాను. పిల్ల గడప మీద కూర్చుని అన్ని మచ్చలూ శ్రద్ధగా చూసింది.

వాళ్లు వెళ్లాక బావ వాళ్లమ్మ తీర్పు చెప్పింది. "గిది శాంపిలు. పెద్దది తర్వాత జేస్తరు. మూడు నెలలకు మళ్ల రమ్మన్నరు గదా, గప్పుడు."

మూడు నెలలకు రమ్మన్నది స్కానింగుకని నేను చెప్పాను. బావ ఫిల్ము తెచ్చి సూర్యుడికి ఎదురుగా పట్టుకుని చూపించాడు. చికిత్సకు ముందు తీసిన దాంట్లో కొమ్మలు కొమ్మలుగా రక్తనాళాలు, తర్వాత తీసిన దాంట్లో మోడు.

"ఇదేం చెట్టురా?"

"చెట్టు గాదమ్మా. ఈమె కడుపు."

"నా కోడలి కడుపుల చెట్టెందుకుంటదిరా?" అంది. బావ ఫిల్మును మళ్లీ కవర్లో పెట్టేశాడు.

ఆమె మొండితనం కాదది. ఆమె ఎరిగిన ఆపరేషన్లన్నిటికీ కుట్లున్నాయి. కుట్లు లేకపోతే ఆపరేషన్ కాలేదు, ఆపరేషన్ కాకపోతే జబ్బు పోలేదు. పైగా అక్కకు ఇంకా పలచగా మరక అవుతూనే ఉంది. కొన్ని వారాలు అలా అవుతుందని డాక్టర్లు చెప్పారు, కానీ దేవరకు ఆ సంగతి ఎవరు చెప్పాలి?

"అత్తమ్మా, దేవరకు ఫోను జేసి అడుగుదామా?" అన్నాను ఒకరోజు.

"సిగ్నల్ లేదులేవే" అంది తడుముకోకుండా. నిజమే, అప్పట్లో ఆ ఊళ్లో సెల్‌ఫోనుకు సిగ్నల్ కావాలంటే నీళ్ల ట్యాంకు దగ్గరికి వెళ్లాలి. తర్వాత వేరే గొంతుతో, "నాకు ముందుగాల ఇద్దరు పుట్టి పోయిన్రు ఈ ఇంట్లనే. నాలుగో నాడే లోపలికొచ్చిన, అందుకే పోయిన్రన్నరు మా అత్త. నిజమో అబద్ధమో నాకేం తెలుసు. ఈ మనవరాలు ఒక్కతే ఉన్నది మాకు" అంది. ఇక ఆమె మీద జోకులు వేయాలంటే నాకు కొంచెం కష్టమైంది.

పిల్ల రోజూ అడిగేది, అమ్మ ఎప్పుడొస్తదని. నాయనమ్మ దానికి అర్థమయ్యేలా, ముద్దుగానే చెప్పేది. "అమ్మకు ఇంక ఆపరేషన్ కాలే బిడ్డా, కుట్లు పడలే గదా. అయినంక పోదువు. గప్పటిదాంక ముట్టుకోవద్దు, జ్వరమొస్తది."

డాక్టరు పిల్లను ఎత్తుకోవచ్చన్న రోజు వచ్చింది. అక్క పంచలో ఉంది, పిల్ల గడప మీద ఉంది. ఆ రోజు అలాగే సాయంత్రమైంది. మరక పూర్తిగా ఆగక, తర్వాతి రోజులు కూడా అలాగే గడిచాయి. బంతి దొర్లించుకుని ఆడుకున్నారు. బంతి తిరిగి పంపే ముందు అక్క దాన్ని చెంబు నీళ్లతో కడిగేది. పిల్ల మొదట్లో, "అమ్మా, జల్దీ!" అని కేకలు పెట్టేది. పోను పోను కేకలు పెట్టడం మానేసి, అక్క కడిగేదాకా బుద్ధిగా నిలబడటం నేర్చుకుంది. ఇంకా కొన్నాళ్లకు, అక్క కడగడం మరిచిపోతే గుర్తు చేసేది.

మూడు నెలల స్కానింగుకు బయల్దేరేటప్పుడు బావ వాళ్లమ్మ అక్క కోసం పాత మెత్తటి చీరలు, ఒక దుప్పటి, పథ్యానికి వెల్లుల్లి కారం సంచీలో సర్ది పెట్టింది, పెద్ద ఆపరేషన్‌కి. ఖమ్మంలో చూసి, బత్తాయి నిమ్మకాయకు వచ్చిందని, నిమ్మకాయ ఉసిరికాయకు వచ్చిందని, ఇంకేమీ చేయనక్కర్లేదని చెప్పారు. సంచీ ఎలా వెళ్లిందో అలాగే తిరిగొచ్చింది. ఆ నెల అక్కకు ఐదు రోజుల్లో ఆగిపోయింది. ఐదో రోజు మధ్యాహ్నం దాకా ఆమె నమ్మలేదు. ఇంకో రోజు చూసుకుని, ఆరో రోజు తలకు పోసుకుని, వెనక గడప దాటి లోపలికి వచ్చింది.

బావ వాళ్లమ్మ కొబ్బరికాయ కొట్టింది. అక్క నడుమంతా తడిమి చూసి, "కొయ్యకుంటనే తగ్గిందా బిడ్డా? నేను తెలివి లేనిదాన్ని" అని కళ్లు తుడుచుకుంది. తర్వాత పిల్లను ముందుకు తోసింది. "పో, ఇగ మీ అమ్మ దగ్గరికి పో!"

పిల్ల కదల్లేదు. "ఆపరేషన్ అయిందా?"

"అయింది."

"ఏది, చూపీయ్."

నాయనమ్మ అక్క వైపు చూసింది. అక్క అక్కడే నేల మీద కూర్చుని, చీర కుచ్చిళ్లు జరిపి చూపించింది. చూపించడానికి ఏముంది? ఆ దోమకాటు మచ్చ కూడా ఎప్పుడో మాసిపోయింది. పిల్ల దగ్గరికి రాకుండానే మెడ చాచి చూసింది.

"లేదు కదా."

"కుట్లు పడలే బిడ్డా. కుట్లు లేకుండ జేసిన్రు."

"కుట్లు లేకపోతే ఆపరేషన్ కాదు. నువ్వే చెప్పినవ్ నాయనమ్మా."

తను నేర్పిన పాఠం మీద నాలుగేళ్ల పిల్లతో ఆ మనిషి ఒక పూటంతా వాదించింది. బతిమాలింది, బెల్లం ముక్క చూపించింది, చివరికి తిట్టింది. పిల్ల గోడకు ఆనుకుని గౌను అంచు రెండు చేతులా బిగించి పట్టుకుంది. "నేను విప్ప" అంది. ఎవరూ విప్పమనలేదు. అక్క లేచి పొయ్యి దగ్గరికి వెళ్లి అన్నం వండింది. అన్ని నెలల తర్వాత ఆ పొయ్యి మీద చేసిన మొదటి వంట. కూరలో ఉప్పు ఎక్కువైంది, బావ రెండోసారి కూడా పెట్టించుకుని తిన్నాడు.

పిల్ల పగ పట్టలేదు, అలగలేదు. అమ్మతో మాట్లాడేది, నవ్వేది, పాటలు పాడేది. కాకపోతే అంత దూరం నుంచే. పడుకోవడం నాయనమ్మ పక్కన. అక్క చేయి చాపితే ఒక అడుగు వెనక్కి వేసేది, కోపంతో కాదు, పెద్దవాళ్లు చెప్పిన మాట వినే మంచి పిల్లలా.

రెండు వారాలు చూసి బావ వాళ్లమ్మ ఒక నిర్ణయానికి వచ్చింది. తల్లాడలో ఉన్న తమ్ముడింటికి నెల రోజులు పోతానంది. పెళ్లయ్యాక ఆ ఇంటి దేవరను వదిలి ఆమె అన్ని రోజులు ఎక్కడా ఉండలేదు. "నేను కండ్ల ముందట ఉంటే రాదే. నేను లేకపోతే ఎటు పోతది? పసిది, తల్లి దగ్గరికే వస్తది" అంది నాతో. దేవర గూటికి దణ్ణం పెట్టుకుని, ఏదో గొణిగి, బస్సెక్కింది. బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి మనవరాలిని చూడకుండా టిక్కెట్టు వైపే చూస్తూ కూర్చుంది. అంత చదవడానికి అందులో ఏమీ లేదు, ఆమెకు చదువూ రాదు.

సాయానికి నన్ను రమ్మన్నారు. అదే తప్పయిందేమో, పిల్ల నా పక్కన పడుకుంది. నేను కావాలని మంచం నిండా కాళ్లు చాపి పడుకుంటే, వెళ్లి వాళ్ల నాన్న పక్కన ముడుచుకుంది. బావకు డ్యూటీ ఉన్నప్పుడు వసారాలో ధాన్యం బస్తాల మధ్య పడుకుంది. అక్క అన్నం కలిపి ముద్ద నోటి దగ్గరికి తెస్తే మూతి బిగించేది. కంచం కింద పెట్టి వెనక్కి జరిగితే తినేది. అక్క కంచం కింద పెట్టి వెనక్కి జరిగింది. ఆ పద్ధతి అక్కకు బాగా తెలుసు.

"కొట్టి కూర్చోబెట్టుకోరాదే" అన్నాను ఒకరోజు విసుగొచ్చి.

"పట్టుకుంటే ఉంటదే. కానీ ఏడుస్తది. నాకు జ్వరమొస్తది, నాకు జ్వరమొస్తదని ఏడుస్తది." ఖాళీ కంచం తీస్తూ, "నిన్న పట్టుకున్న" అంది.

వారం తిరక్కముందే పిల్లకు నిజంగానే జ్వరం వచ్చింది. ఎండలో వీధి గుమ్మం ముందు కూర్చుని బస్సుల కోసం చూస్తే ఎవరికైనా వస్తుంది. కానీ పిల్ల అక్క వైపు చూసిన చూపులో, నేను ముందే చెప్పాను కదా అన్నట్టు ఉంది. బావ ట్యాంకు దగ్గరికి వెళ్లి ఫోను చేశాడు. మర్నాడు మొదటి బస్సుకే వాళ్లమ్మ దిగింది. పిల్ల పరుగెత్తుకుంటూ వెళ్లి ఆమె కాళ్లకు చుట్టుకుంది.

"ఇడువే నన్ను! ముట్టుకోకు! మీ అమ్మ దగ్గరికి పొమ్మన్ననా లేదా!" అని ఆమె ఒక చేత్తో పిల్లను నెడుతూ, ఇంకో చేత్తో ఎత్తుకుని, నడిరోడ్డు మీద నిలబడి ఏడ్చింది. ఆటోవాడు హారన్ కొట్టాడు. అక్క వెళ్లి ఆమె చేతిలో సంచీ అందుకుంది. "ఎండన పడి వచ్చిన్రు. రాండి, నీళ్లు పెడత" అంది.

ఇదంతా జరిగి మూడేళ్లు దాటింది. అక్క ఆరోగ్యం బాగుంది. ఒంటికి రంగు వచ్చింది, ఎంత నవ్వించినా కడుపు పట్టుకోవడం లేదు. రేకుల పంచలో ఇప్పుడు కట్టెలు పేర్చారు, ఆ ఐదు రోజులు అక్క వసారాలోనే ఉంటుంది. అడ్డు చెప్పకపోగా, దేవరకు తానే సర్దిచెప్పానంటుంది బావ వాళ్లమ్మ. పిల్ల సత్తుపల్లి బడికి ఆటోలో వెళ్తుంది. లెక్కలు అక్కనే అడుగుతుంది, పక్కనే కూర్చుని రాసుకుంటుంది, గట్టిగా పోట్లాడుతుంది కూడా. చూసేవాళ్లకు ఏ లోటూ కనపడదు.

మొన్న వెళ్లినప్పుడు చూశాను. బడికి టైమవుతోంది. వసారా మెట్టు మీద అక్క, కింది మెట్టు మీద పిల్ల, జడ వేయించుకుంటోంది. పిల్ల జుట్టు ఒత్తుగా, వీపు దాకా ఉంది. మామూలుగా పిల్లలు జడ వేయించుకునేటప్పుడు వెనక్కి వాలిపోతారు, మోకాళ్ల మధ్య నిద్రపోతారు, తిట్లు తింటారు. ఇది నిటారుగా కూర్చుంది, వీపు అక్క మోకాళ్లకు తగలకుండా, మధ్యలో బెత్తెడు సందు వదిలి. దానికి ఆ సంగతి గుర్తుండి చేస్తోందనుకోను. దానికిప్పుడు ఏదీ గుర్తున్నట్టు లేదు.

ఆటో వచ్చి నిలబడింది. జడ అయిపోయింది, రిబ్బను కూడా కట్టేసింది. అక్క వేళ్లతో ఒకసారి పైనుంచి కిందికి నిమిరి, "ఉండుండు, వంకరొచ్చింది" అని మొత్తం విప్పేసి మళ్లీ మొదలుపెట్టింది.

"అమ్మా, జల్దీ, ఆటో పోతది!"

"పోదులే. కూర్చో."

వంకరేమీ రాలేదు. నేను అక్కడే ఉన్నాను, చూస్తూనే ఉన్నాను. ఆటోవాడి దగ్గరికి వెళ్లి, బండి చక్రంలో గాలి తక్కువున్నట్టుంది చూసుకో అన్నాను. వాడు దిగి నాలుగువైపులా తిరిగి, ఆటోకు ఉన్నది మూడే చక్రాలని గుర్తు చేసుకుని, ఒక్కొక్కదాన్నీ కాలితో తన్ని చూశాడు. ఆ కాసేపు అక్క మెల్లగా, పాయ మీద పాయ వేసుకుంటూ అల్లింది.